తిథి తప్పని అతిథులు

మన పాఠశాలకు సముద్రము మిగుల దూరము. బ్రూక్‌ఫీల్డ్ నుండి తూర్పునకు పోయినను పడమటికి పోయినను, మూడువందల కిలోమీటర్ల ప్రాంతము ప్రయాణము చేసినగాని ఉప్పుగాలి ముఖమునకు తగులదు. మనమున్నదో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున. అయినను ఆశ్వయుజమాసమున నొకనాటి యుదయము కుందలహళ్ళి చెరువుగట్టున నిలిచి ఓపికతో చూచినచో, నీటియంచున రాతినుండి రాతికి పరుగిడుచు, నిలిచినపుడెల్ల తోకను క్రిందికి మీదికి నూపుచుండు చిన్నపిట్ట యొకటి కనబడవచ్చును. దాని వీపు గోధుమవన్నె, పొట్ట తెలుపు. మనవారు ఉల్లంకిపిట్టలని పిలుచు కుటుంబములోనిది. ఇది మన చెరువున గ్రుడ్లు పెట్టునది కాదు. హిమాలయ ప్రాంతములయందును, అంతకు నుత్తరమున నున్న దేశములయందును పిల్లలను పెంచి, చలి ముదురకముందే దక్షిణమునకు దిగివచ్చునది.

మన చెరువున ఒకటి రెండుగా కనబడు నీ పిట్టకు బంధువులైన పక్షులు వేలకొలదిగా దిగు చోటు సముద్రతీరము. అందును నదీముఖమున నున్న రేవులు వానికి మిక్కిలి ప్రియమైనవి. తెలుగుతీరమున నట్టి చోట్లలో కాకినాడ ముఖ్యమైనది. బెంగుళూరునుండి శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు నెక్కినవారు మరునాటి యుదయమున నచట దిగుదురు. మన విద్యార్థులలో గోదావరి మండలములనుండి వచ్చిన కుటుంబములవారు సెలవులకు ఈ దారిననే పోయి వచ్చుచుందురు. అట్లు పోయినపుడు ఒక్క యుదయమును రేవున గడపినచో ఏమేమి చూడవచ్చునో, ఎట్లు చూడవలయునో తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మా తప్పును ఒప్పుకొందుము. ఆంధ్రదేశమున గోదావరి యొడ్డున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న కాలమున మేము ఆదివారములందు పలుమారు కాకినాడ రేవునకు పోయియుంటిమి. పడవలను చూచితిమి, సూర్యోదయమును చూచితిమి, పద్యములు చదువుకొంటిమి. పక్షుల మాట వచ్చినపుడు మాత్రము తెల్లగానున్నది కొంగ, నల్లగానున్నది కాకి, ఎగురునది గద్ద యని తేల్చివేసితిమి. ఎదుట పరచుకొనియున్న బురదమేటను చూచి, "ఈ పాడుబడిన చోట నేమున్నది?" అని మాలో నొకరమంటిమి. వలను బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు తలయెత్తి యిట్లనెను: "అయ్యగారూ, ఇప్పుడొచ్చి ఏం చూత్తారండి? పిట్టలన్నీ లోపల బురదలో మేత్తన్నాయి. పోటెక్కేటప్పుడు రండి. నీరే తోలుకొచ్చి మీ ముందర నిలబెడద్ది." ఆ మాటలో రేవున పక్షులను చూచు శాస్త్రమంతయు నిమిడియున్నదని మాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

ముందుగా నా బురద యెచటినుండి వచ్చినదో తెలిసికొందము. గోదావరి నాసికా ప్రాంతమున త్ర్యంబకమునొద్ద పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. దారిపొడవున దక్కను పీఠభూమిని కడిగి తెచ్చిన ఒండ్రును సముద్రముఖమున దించును. ఆ యిసుకను అలలు ఉత్తరమునకు త్రోసికొనిపోగా, గత రెండు శతాబ్దములకాలములో కాకినాడకు తూర్పుగా 15 కిలోమీటర్లకు పైబడిన సన్నని ఇసుకదిబ్బ యేర్పడినది. అదియే హోప్ ఐలండ్. ఇది చేతిని చాపి బిడ్డను పొదివికొన్నట్లు కాకినాడ అఖాతమును పెద్ద అలలనుండి కాచుచున్నది. ఆ చాటున నీరు నెమ్మదించును. నెమ్మదించిన నీటినుండి మెత్తని యొండ్రు అడుగున దిగును. రేవునకు దక్షిణమున తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలగు చెట్లతో నిండిన కోరింగ మడ అడవులు కలవు. వీనిని 1978లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము 235.7 చదరపు కిలోమీటర్లు.

ఈ తీరము ఎల్లప్పుడును శాంతమైనది కాదు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులలో సముద్రము పొంగి కోరింగ రేవును ముంచివేసినది. రెండవ తుపాను తరువాత ఆ రేవు మరల తలయెత్తలేదు. శరదృతువు మనకు పండువెన్నెల ఋతువైనను తీరవాసులకు తుపానుల ఋతువుకూడ. కావున ఈ కాలమున రేవునకు పోవువారు వాతావరణ సూచనను తెలిసికొనియే బయలుదేరవలయును.

ఇక కాలమును నిర్ణయించుట. ఊరిలో పక్షులను చూచుటకు ఉదయము మంచిదని చెప్పిన చాలును. రేవున నది చాలదు. ఇచట పక్షికి దినచర్యను విధించునది సూర్యుడు మాత్రమే కాదు, చంద్రుడును. సముద్రము దినమునకు సాధారణముగా రెండుమారులు పొంగి, రెండుమారులు తీయును. పొంగుట పోటు, తీయుట ఆటు. ఒక పోటునకును దాని తరువాతి యాటునకును నడుమ ఆరుగంటలకు కొంచెమధికముగా పట్టును. చంద్రుడు భూమి చుట్టును తిరుగుచుండుటచేత పోటువేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును.

ఒక లెక్క చేయుదము. పున్నమినాటి యుదయము 9 గంటలకు నీరు పూర్తిగా నిండినదని యనుకొందము. ఏడుదినముల తరువాత, అష్టమి ప్రాంతమున, 7 × 50 = 350 నిమిషములు, అనగా సుమారు ఆరుగంటలు, పోటు వెనుకబడును. కావున నాటి యుదయము 9 గంటలకు నీరు తీసి బురద తేలియుండును. గడియారమున వేళ యొక్కటియే. కనబడు లోకములు రెండు. అమావాస్యకును పున్నమకును సూర్యచంద్రుల యాకర్షణములు కలిసి పనిచేయుటచేత పోటు హెచ్చుగా నుండును, ఆటున బురద దూరమువరకు తేలును. అష్టములందు రెండును తగ్గియుండును. ఈ కారణముననే మత్స్యకారులు వారమునకంటె తిథిని ముఖ్యముగా నెంచుకొందురు. నేడు ఆటుపోట్ల పట్టికలు చేతిఫోనులలోనే లభించుచున్నను, తిథి తెలిసినవానికి ఆ పట్టిక యెందుకట్లున్నదో కూడ తెలియును.

తిథి నియమము లేక వచ్చువాడు గనుక అతిథి యని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. ఈ పక్షులు దూరదేశమునుండి వచ్చు అతిథులేయైనను, సంవత్సరములో మాసమును తప్పవు, మాసములో తిథిని తప్పవు. తిథి తప్పని అతిథులివి.

ఆటువేళ పక్షులు కిలోమీటర్ల వెడల్పున బురదపై చెదరి మేయుచుండును; ఒడ్డుననుండి చూచువారికి చుక్కలవలె కనబడును. పోటు పూర్తియైనపుడు మేతస్థలము మునిగిపోవుటచే, అవి యిసుకదిబ్బలపైకి చేరి ఒంటికాలిపై నిలిచి నిద్రించును. ఈ రెంటికి నడుమ, నీరు నిండుటకు ముందు రెండు గంటలకాలము చూచువారికి సుముహూర్తము. ఎక్కుచున్న నీరు పక్షులను అంచెలంచెలుగా ఒడ్డునకు నెట్టుకొనివచ్చును. ఆ వృద్ధుడు "నీరే తోలుకొచ్చి నిలబెడద్ది" యన్నదిదియే.

వెలుతురు సంగతియు తెలియవలయును. అక్టోబరు నడుమ కాకినాడలో ఆరుగంటలకు ముందే సూర్యోదయమగును. మన బెంగుళూరునకంటె పావుగంటకు పైగా ముందు. తూర్పుతీరము గనుక ఉదయమున సూర్యుడు చూచువాని కన్నులకు ఎదురుగా నుండును. అపుడు పక్షులన్నియు నల్లని నీడలవలె తోచును. దానికి విసుగు చెందరాదు. రంగు కనబడని వేళ ఆకారమును నేర్చుకొనుటకు మంచివేళ. ముక్కు పొడవెంత? తిన్ననిదా, వంపైనదా? కాళ్ళు పొడవా, పొట్టియా? నడచుచు మేయునా, పరుగిడి ఆగి పొడుచునా? ఈ నాలుగు ప్రశ్నలకు నీడయే జవాబు చెప్పును. తరువాత స్థలము మార్చి, సూర్యుడు వీపువైపునకు వచ్చునట్లు నిలిచి రంగులను చూడవలయును.

కాకినాడలో కుంభాభిషేకము అని ప్రజలు పిలుచు చేపలరేవు ప్రాంతము పక్షులను చూచువారికి బాగుగ తెలిసిన చోటు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. శరత్కాలమునకు వేట ముమ్మరముగా సాగుచుండును. తెల్లవారునప్పటికి పడవలు తిరిగివచ్చును. కవళ్ళు, కానాగంతలు, రొయ్యలు గంపలలో దిగును. మత్స్యకారస్త్రీలు వేలము పాడుదురు. ఐసు పగులగొట్టు చప్పుడు, ఇంజనుల చప్పుడు కలిసిపోవును. ఈ సందడినే నమ్ముకొని బ్రతుకు పక్షులసమూహమొకటి రేవున కలదు. వీనిని మనము చేపలమూకయని పిలుచుకొందము.

చేపలమూకలో మొదటివి కాకులు, గద్దలు. తల, రొమ్ము తెల్లగా, రెక్కలు ఇటుకవన్నెగా నున్నది గరుడపక్షి. అది నీటిపై తేలిన చేపముక్కను నేలకు దిగకయే కాళ్ళతో నందుకొనిపోవును. తెల్లకొంగలు వలలప్రక్కన మనుష్యులకు జంకక నిలుచును. బూడిదవన్నె నారాయణపక్షి కొంచెము దూరముగా, మౌనవ్రతము పట్టినట్లు నీటిలో నిలుచును. నీటికాకులు మునిగి తేలి, కొయ్యగుంజలపై రెక్కలు విప్పి యారబెట్టుకొనును. లకుముకిపిట్ట పడవత్రాటిపై కూర్చుండి యదను చూచుచుండును. ఇవి ఏడాది పొడవునను అచట కనబడునవే.

శరదృతువు వచ్చినదని చాటునవి గల్ పక్షులు. గోధుమతల గల్ పక్షి టిబెట్టు, లడఖ్ ప్రాంతములలోని ఎత్తైన సరస్సులయొద్ద పిల్లలను పెంచి, చలికాలమునకు మన తీరమును చేరును. పేరున గోధుమతల యున్నను మనకు కనబడునాటికి ఆ తల తెల్లబడి, కన్నువెనుక నొక నల్లచుక్క మాత్రము మిగిలియుండును. పెండ్లిబట్టలు విడిచి ప్రయాణపు బట్టలు కట్టుకొన్నట్లనుకొనుడు. గల్ పక్షికంటె సన్ననివి, చీలినతోకతో గాలిలో నిలిచి ఒక్కసారిగా నీటిలోనికి దూకునవి టెర్ను పక్షులు. వానిలో పెద్దది కాస్పియన్ టెర్ను; దాని ఎర్రని లావుపాటి ముక్కు చాల దూరమునకు కనబడును.

వీనికి భిన్నమైనది రెండవమూక. దీనిని బురదమూక యందము. వీనికి వేలముతో పనిలేదు, చేపగంపలతో పనిలేదు. పైకి శూన్యముగా తోచు బురదలో పురుగులు, నత్తలు, చిన్న ఆల్చిప్పలు, పీతపిల్లలు లెక్కకు మిక్కిలిగా నుండును. ఒక్కొక్కటి యొక్కొక్క లోతున దాగియుండును. దానికి తగినట్లే ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క పొడవు ముక్కు. పొట్టిముక్కు, పెద్దకన్నులు గల ఇసుక ప్లవర్ కొంచెము పరుగిడి, ఆగి, పైపొరమీద కదలు పురుగును కంటితో చూచి పొడుచును. 25 గ్రాముల ప్రాంతము బరువుగల చిన్న స్టింటు కుట్టుయంత్రపు సూదివలె వేగముగా పొడుచుచు ముందునకు సాగును. ఎర్రకాళ్ళ ఉల్లంకి మధ్యపొరను వెదకును. గాడ్విట్టు తన పొడవైన తిన్నని ముక్కును మొదలంట దించును. అన్నిటికంటె పెద్దదైన కర్లూ పక్షికి కొడవలివలె వంగిన ముక్కు 12 నుండి 15 సెంటీమీటర్ల వరకు నుండును. పీతబొరియ యెట్లు మలుపు తిరిగినను అది వెంబడించును. టర్న్‌స్టోన్ పక్షి రాళ్ళను, గుల్లలను తిరుగవేసి క్రిందనున్న దానిని తినును. ఒకే పంక్తిలో భోజనము; ఎవరి విస్తరి వారిదే.

ఆ ముక్కులు కేవలము పట్టుకారులు కావు. ఉల్లంకి జాతుల ముక్కుకొనలో స్పర్శజ్ఞానముగల సూక్ష్మాంగములు కిక్కిరిసియుండును. కంటికి కనబడని పురుగు కదలికను, తడిబురదలోని యొత్తిడిభేదమును అవి పసిగట్టును. పలుజాతులకు ముక్కు మొదలు మూసియుండగనే పైముక్కు కొనను మాత్రము పైకి వంచగల నేర్పు కలదు. కనుక బురదలో ముక్కు దిగియుండగనే, నోరంతయు తెరువకయే యాహారమును పట్టుకొనగలవు. మనము బురదయందుము; పక్షి దానిని వ్రేలికొనతో చదువు పుస్తకముగా చేసికొన్నది.

ఈ పక్షులలో పెక్కింటి జన్మస్థానము ఉత్తరధ్రువమునకు చేరువనున్న సైబీరియా మైదానములు. అచట వేసవి కొద్దివారములే. అచటినుండి మన తీరమునకు సుమారు 6000 కిలోమీటర్లు. మధ్య ఆసియామీదుగా హిందూమహాసముద్రమువరకు సాగు నీ యాకాశమార్గమును శాస్త్రజ్ఞులు మధ్య ఆసియా వలసమార్గమని పిలుచుచున్నారు. ప్రయాణమునకు ముందు పక్షి విపరీతముగా తిని క్రొవ్వును కూడబెట్టుకొనును, అదియే దారిబత్తెము. గాడ్విట్టు పక్షులలోనైతే ఎగురునపుడు పనిలేని జీర్ణాంగములు ప్రయాణమునకు ముందు కుంచించుకొనిపోవునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బరువు తగ్గించుకొనుటకు ఇంతకంటె మించిన యుపాయమున్నదా? 2022 అక్టోబరులో, పుట్టి ఐదునెలలైన యొక గాడ్విట్టు పిల్ల అలాస్కానుండి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు, 11 దినములు, ఎచటను దిగకయే ఎగిరినది. దాని శరీరమున నమర్చిన చిన్నయంత్రమువలన ఈ సంగతి తెలిసినది. బెంగుళూరునుండి కన్యాకుమారికి సుమారు ఇరువదిమార్లు పోయినంత దూరమది.

ఇందు విద్యార్థులు విశేషముగా గమనింపదగిన దొకటి కలదు. స్టింటు మొదలగు పలుజాతులలో తల్లిదండ్రులు ముందుగా బయలుదేరివచ్చును. పిల్లలు కొన్నివారములు వెనుకగా తమంతట తాము వచ్చును. ఆగస్టు, సెప్టెంబరులందు దిగు పెద్దపక్షులపై వేసవినాటి ఎర్రవన్నె జాడలు మిగిలియుండును. సెప్టెంబరు, అక్టోబరులందు కొత్తయీకల పిల్లలు చేరును. ఎన్నడును చూడని దేశమునకు, త్రోవ చూపు తల్లి లేకయే, అవి వచ్చును. నక్షత్రములు, సూర్యుడు, భూమియొక్క అయస్కాంతశక్తి వానికి దిక్కును తెలుపునని పరిశోధకులు చెప్పుచున్నారు. శరదృతువున రేవుబురదపై మేయుచున్న యొక చిన్నపిట్ట, తన బ్రతుకులో మొదటిసారిగా సముద్రమును చూచుచున్నదై యుండవచ్చును.

ఇట్టి యాత్రికునికి దిగినవెంటనే కావలసినదేమి? ఆహారము, ఆ పిమ్మట నిద్ర. దినమునకు కొన్నిగంటలు మాత్రమే తేలు బురదలో అది తన శరీరమును మరల కట్టుకొనవలయును. కావున మనము పాడుచోటన్న ఆ బురదమేట సిద్ధముచేసిన భోజనశాల. దానిని పూడ్చినచో ప్రక్కనున్న మరియొక చోటికి పోవునులే యనుట సులభము. అట్లు జరుగదని లోకమునకు తెలిపిన యుదాహరణము కొరియాదేశమున కలదు. దక్షిణకొరియాలోని సేమాంగుం అఖాతమున 33.9 కిలోమీటర్ల సముద్రపుగోడ 2006లో మూసుకొన్నది. సుమారు 400 చదరపు కిలోమీటర్ల ప్రాంతమునకు ఆటుపోట్లు తగ్గిపోయినవి. సైబీరియానుండి ఆస్ట్రేలియాకు పోవు దారిలో నచట దిగి మేయు గ్రేట్ నాట్ అను పక్షులు వేలకొలదిగా తగ్గిపోయినవి. చుట్టుప్రక్కల బురదమేటలందును అంతసంఖ్యలో తేలలేదు. 2015లో ఆ జాతిని అపాయములోనున్న జాతుల పట్టికలో చేర్చిరి. ఆ గ్రేట్ నాట్ పక్షులే కొన్ని మన కాకినాడ, కోరింగ తీరమునను శీతకాలమును గడపుచున్నవి. ఎచటనో కట్టిన గోడకును, మన రేవున దిగు పిట్టకును సంబంధము లేదనుకొనరాదు.

ఇసుకదిబ్బలనుగూర్చియు నిట్లే చెప్పవలయును. స్కిమ్మరు అను పక్షి కాకినాడ తీరమునకు చలికాలమున వచ్చు అపురూపమైన అతిథి. వీపు నలుపు, పొట్ట తెలుపు, ముక్కు నారింజవన్నె. సృష్టిలో వింతయేమనగా దాని క్రిందిముక్కు పైముక్కునకంటె పొడవు. అది నీటికి ఆనియానకుండ ఎగురుచు, క్రిందిముక్కుతో నీటిని కత్తెరవలె చీల్చుకొనిపోవును. చేప తగిలిన తక్షణమే పైముక్కు మూసికొనును. చంబల్ వంటి నదుల ఇసుకదీవులలో పిల్లలను పెంచు నీ పక్షి లోకమున కొన్నివేలు మాత్రమే మిగిలియున్నది; 2020లో దీనినికూడ అపాయములోనున్న జాతిగా గుర్తించిరి. పోటువేళ అవి గుంపుగా ఇసుకదిబ్బపై విశ్రమించియుండగా, ఎగురుట చూడవలెనను వేడుకతో ఎవరైన పరుగెత్తి లేపినచో, సంపాదించిన శక్తి నూరకయే వ్యయమగును. చూచువాడు పక్షిని ఎగురగొట్టక వెనుదిరిగినపుడే చూచుట సఫలమైనట్లు.

రేవునకు పోవు విద్యార్థులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. పెద్దలతో గాని ఉపాధ్యాయులతో గాని పొండు. రేవున కొన్నిభాగములలో ప్రవేశమునకు అనుమతి కావలయును, అడిగి పొండు. బురదలోనికి దిగకుడు, అది గట్టిగా కనబడినను మోకాలివరకు లాగికొనును. దుర్భిణి యున్న మేలు. లేకున్నను పోటు మీకు దుర్భిణివలె సహాయపడును. ఒక చిన్నపుస్తకమున తేదీ, తిథి, వేళ, నీరు ఎక్కుచున్నదో తీయుచున్నదో, గాలి యెటునుండి వీచుచున్నదో వ్రాసికొనుడు. పక్షి పేరు తెలియకున్న విడువక, ముక్కు, కాళ్ళు, నడక వర్ణించి బొమ్మ గీయుడు. పెద్దగుంపును లెక్కించుటకు, మొదట పదింటిని లెక్కించి, ఆ పది యెంత చోటు నాక్రమించినదో కంటితో కొలిచి, గుంపులో నట్టి పదులెన్నియో చూడుడు. 1987 నుండి ఆసియాదేశములలో ఏటేట జనవరిమాసమున జరుగు నీటిపక్షుల గణనలో ఔత్సాహికులుకూడ ఇట్లే లెక్కలు కట్టుదురు. అట్టి లెక్కలు ఏండ్లతరబడి చేరినగాని ఒకజాతి తగ్గుచున్నదో హెచ్చుచున్నదో తెలియదు.

తెలుగు ఉపాధ్యాయులము గనుక మరియొక మాట చెప్పక తప్పదు. రేవున నున్నవారిని పక్షిపేర్లు అడుగుడు. వారు చెప్పినట్లే, యాసను దిద్దక, వ్రాసికొనుడు. నెల్లూరున వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర 1862–64లో ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున తెలుగుపేర్లను చేర్చుటకు ఇట్లడిగి తెలిసికొనుటయే ఆధారము. ఆయన పేరు పెట్టుకొన్న కలివికోడి చాలకాలము కానరాక, ఇక లేదనియే పండితులు నిరాశచెందియుండగా, 1986 జనవరిలో కడపజిల్లాలో మరల కనబడినది. దానిని పట్టితెచ్చినవాడు ఐతన్న అను స్థానికుడగు వేటగాడు. పుస్తకము మరచినదానిని అడవినెరిగినవాడు మరువలేదు. రేవునందును అంతే. మాకు పోటువేళను నేర్పినది పుస్తకము కాదు.

ఇక మన బ్రూక్‌ఫీల్డ్‌కు మరలివత్తము. ఇచట పోటు లేదు, పడవలు లేవు. కాని కుందలహళ్ళి చెరువున నీరు తగ్గినచోట తడిబురద సన్నని అంచుగా తేలుచుండును. చెత్త పోయుటకు తగిన చోటని తోచునంత యల్పమైన అంచు. తోకనూపు ఉల్లంకి మేయునది ఆ యంచుననే. మన పొరుగున నున్న కన్నడ బాలురు చెరువును కెరె యందురు. వారిని కలుపుకొని పొండు, ఆ పిట్టను వారేమందురో అడుగుడు, మీ పుస్తకమున రెండుపేర్లను ప్రక్కప్రక్కన వ్రాయుడు. అది మొదట కనబడిన తేదీని, వసంతమున కడపటిసారి కనబడిన తేదీని గుర్తుంచుకొనుడు. వచ్చు సంవత్సరము ఆశ్వయుజమున మరల ఆ రాతియొద్దకు పోయి చూడుడు. అతిథి తన తిథిని తప్పకున్నచో, ఆ సన్నని బురదయంచును మనమును చెడగొట్టక నిలిపినట్లే. రాకున్నచో మాత్రము, తప్పినది అతిథియా, ఆతిథ్యమా యని మనలను మనమే ప్రశ్నించుకొనవలయును.